జొన్న రొట్టె బదులు కీటోలో ఏ పిండి? విరగకుండా వచ్చే కొలతలు, కార్బ్ లెక్కలు

రొట్టె_లెక్క (నల్లగొండ)

కీటోలో, అంటే పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే పద్ధతిలో, అన్నం మానడం మన దగ్గర పెద్ద కష్టం కాదు, కాలీఫ్లవర్ తురుముతో సర్దుకుంటారు. మటన్ కూర, పుంటికూర తొక్కు ముందర పెట్టుకున్నాక తుంచి అద్దుకోవడానికి రొట్టె లేకపోతేనే చెయ్యి ఆడదు. అందుకే ఈ చర్చ పిండ్ల మీదనే పెడుతున్నా. చేసి, తూకం వేసి చూసిన కొలతలే రాయండి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. జొన్న, సజ్జ, రాగి, కొర్ర మంచి తిండే, కానీ కీటో పిండ్లు కావు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో 100 గ్రాములకు జొన్నల్లో పిండిపదార్థం సుమారు 68 గ్రాములు, రాగుల్లో 67, గోధుమ పిండిలో 64, సజ్జల్లో 62, బియ్యంలో 78. ఒక మోస్తరు జొన్న రొట్టెకు 55 నుంచి 60 గ్రాముల పిండి పడుతుంది. అంటే ఒక్క రొట్టెలో 37 నుంచి 40 గ్రాముల కార్బ్ (పిండిపదార్థం). రోజుకు 20 నుంచి 30 గ్రాముల లోపు ఉండాలనుకునేవాళ్ళకు ఆ ఒక్క రొట్టెతోనే రోజు లెక్క దాటిపోయింది. "జొన్నల్లో పీచు ఉంది కదా, అది తీసేస్తే?" అని అడుగుతారు. ఆ పట్టికల్లో పీచును విడిగానే చూపించారు, పై అంకెల్లో అది కలవలేదు. మళ్ళీ తీసేస్తే లెక్క తప్పు.

శనగ పిండి కూడా పనికిరాదు, పీచు పోగా 47 దాకా ఉంటుంది.

పనికొచ్చేవి, పీచు పోగా 100 గ్రాములకు సుమారుగా: బాదం పిండి 9 నుంచి 10. నువ్వులు 11 నుంచి 12. పల్లీలు పచ్చివైతే 8, వేయించినవైతే 12, 13 దాకా. అవిసె గింజలు 2 లోపే. కొవ్వు తీసిన కొబ్బరి పిండి 20కి అటుఇటు. ఇసబ్‌గోల్ పొట్టు దాదాపు మొత్తం పీచే.

పిండి_జల్లెడ (సూర్యాపేట)

అంకెలు సరే. రొట్టె ఎందుకు విరుగుతుందో అర్థమైతే కొలతలు ఎవరికి వాళ్ళే మార్చుకోగలరు.

జొన్న పిండిలో గ్లూటెన్ (గోధుమ పిండిని సాగేలా పట్టి ఉంచే ప్రొటీన్) లేదు. అయినా రొట్టె నిలబడుతుంది, ఎందుకు? మరిగే నీళ్ళు పోసినప్పుడు పిండిలోని స్టార్చ్ ఉబ్బి జిగురవుతుంది. ఆ జిగురే పిండిని పట్టి ఉంచుతుంది. చల్లటి నీళ్ళతో కలిపిన జొన్న పిండి తట్టేటప్పుడే పగుళ్ళు ఇవ్వడానికి కారణం అదే. కీటోలో మనం తీసేస్తున్నది సరిగ్గా ఆ స్టార్చ్‌నే. బాదం పొడికి ఎంత మరిగిన నీళ్ళు పోసినా జిగురు రాదు, తడి రవ్వలా ఉండిపోతుంది.

కాబట్టి పిండి చేసే పనులను పంచి ఇవ్వాలి. ఒళ్ళు నింపడానికి బాదం, పల్లీ లేదా నువ్వుల పొడి. పట్టి ఉంచడానికి ఇసబ్‌గోల్, దానికి తోడు అవిసె పొడి. మూడోది నీళ్ళు, అవి ఇసబ్‌గోల్ బరువును బట్టి మారతాయి. పొడుల మొత్తం బరువులో ఇసబ్‌గోల్ 8 శాతం దాటకపోతే రొట్టె తిప్పేటప్పుడు ముక్కలవుతుంది. 15 శాతం దాటితే రబ్బరులా సాగుతుంది, పంటికి అంటుకుంటుంది. 10 నుంచి 12 శాతం మంచిది.

ఇంకో తప్పు చాలామంది చేస్తారు. ఇసబ్‌గోల్‌ను చెంచాతో కొలుస్తారు. పొట్టు పొట్టుగా ఉన్నది ఒక పెద్ద చెంచా 5 గ్రాములు తూగితే, మెత్తగా పొడి చేసింది 9, 10 గ్రాములు తూగుతుంది. వంటకంలో "రెండు చెంచాలు" అని రాసి ఉంటే ఏది అనుకోవాలి? చిన్న డిజిటల్ తూకం లేకుండా ఈ రొట్టెలు రెండోసారి ఒకేలా రావు.

పాలమూరు_పెంక (మహబూబ్‌నగర్)

పైన చెప్పిన లెక్కనే కొలతగ పెడ్తున్న. అయిదు రొట్టెలకు:

బాదం పిండి 100 గ్రాములు, అవిసె పొడి 30, ఇసబ్‌గోల్ పొడి 15, ఉప్పు అర చెంచా. నీళ్ళు 150 మిల్లీలీటర్లు, ఇంకో 20 పక్కన పెట్టుకోవాలె. రుచికి ఓమ.

పొడులన్ని ముందుగాల పొడిగనే కలిపి జల్లించాలె. ఇసబ్‌గోల్ మీద నీళ్ళు నేరుగ పడితే అక్కడికక్కడ గడ్డ కట్టి, తర్వాత ఎంత పిసికినా కరగదు. నీళ్ళు మరిగినంక పొయ్యి దించి ఒక నిమిషం ఆగి, ఒక్కసారే పోసి గరిటెతో తిప్పాలె. కొంచెం కొంచెం పోస్తే ముందు తడిసిన భాగమే నీళ్ళన్ని పీల్చుకుంటది. కలిపిన వెంటనే చేతికి అంటుతది, చూసి భయపడి ఇంకింత పొడి వెయ్యొద్దు. మూత పెట్టి పది నిమిషాలు ఇడిసిపెడితే అదే గట్టి పడి, వేలితో నొక్కితే కొంచెం తిరిగి లేస్తది. అప్పుడు చేతికి నూనె రాసుకొని ఒక నిమిషం పిసికితే సాలు.

60 గ్రాముల ముద్ద. పాల కవరు కోసి కడిగి ఆరబెట్టి, నూనె రాసి, రెండు పొరల నడుమ కర్రతో వత్తాలె. జొన్న రొట్టె లెక్క చేత్తో తడితే అంచులు చీలుతయి. 15 సెంటీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం. కవరుతోనే ఎత్తి పెంక మీద బోర్లించి, కవరు మెల్లగ గుంజాలె. కవరు పెంకకు తాకనియ్యొద్దు.

మంట మధ్యస్తం. జొన్న రొట్టెకు పెట్టినంత మంట పెడితే బాదంల ఉన్న నూనె మాడి పైన నల్ల మచ్చలు, లోపల పచ్చి. మొదటి దిక్కు ఒకటిన్నర నిమిషం కదిలించకుండ ఉంచాలె, తిప్పి ఒక నిమిషం, మళ్ళ తిప్పి గుడ్డతో నొక్కుతుంటే అక్కడక్కడ పొంగుతది. పైన తడి గుడ్డతో నీళ్ళు రాసే అలవాటు ఇక్కడ వద్దు, పైపొర జిగటైతది. కాల్చినయి గుడ్డల చుట్టి అయిదు నిమిషాలు ఉంచితే మెత్తగ తుంచుకోవస్తది.

ఒక్కో రొట్టెకు కార్బ్ రెండు గ్రాముల పైన కొద్దిగ, శక్తి దగ్గర దగ్గర 150 క్యాలరీలు.

కొత్త_కీటో (దేవరకొండ)

ఇదే కొలత, కానీ ఇసబ్‌గోల్ పొడి కాకుండా పొట్టు వేస్తే అంచులు పగులుతున్నాయి, మధ్యలో మాత్రం జిగట. నీళ్ళు 170 దాకా పోసినా అంతే. రెండో సంగతి, కొబ్బరి పిండి దొరకని చోట కుడుకలు (ఎండు కొబ్బరి) మిక్సీ పట్టి వాడొచ్చా?

పిండి_జల్లెడ (సూర్యాపేట)

పొట్టు నీళ్ళు పీల్చుకోవడానికి పొడి కంటే ఎక్కువసేపు తీసుకుంటుంది. పది నిమిషాలకు బయట గట్టిగా అనిపించినా నీళ్ళు పొట్టు పొరల మధ్య విడిగానే ఉంటాయి. కాలేటప్పుడు అవే లోపల ఆవిరై జిగట మిగులుతుంది, నీళ్ళు అందని అంచు పగులుతుంది. నీళ్ళు పెంచడం కాదు, సమయం పెంచండి, 25 నిమిషాలు. లేదా పొట్టునే మిక్సీలో అర నిమిషం తిప్పి, అదే 15 గ్రాములు తూచి వేయండి.

అంతా సరిగ్గా చేసినా లోపల జిగటగా ఉంటే మందం చూడండి. 5 మిల్లీమీటర్ల రొట్టె పెంక మీద లోపలి దాకా ఉడకదు.

కొన్ని రకాల ఇసబ్‌గోల్ వేడికి ఊదా రంగు తిరుగుతుంది. చెడిపోయిందనుకుని పారేయకండి, రుచిలో తేడా ఉండదు. రంగు నచ్చకపోతే వేరే కంపెనీది తెచ్చుకోండి.

కుడుక_నువ్వు (వనపర్తి)

కుడుక పొడి, కొబ్బరి పిండి ఒకటి కాదు. ఇది చాలా చోట్ల తప్పుగా రాస్తున్నారు.

కుడుకలో మూడింట రెండు వంతులు కొవ్వే. మిక్సీ ఎక్కువసేపు తిప్పితే నూనె తేలి ముద్దవుతుంది. దానిలో పీచు పోగా కార్బ్ 7 గ్రాములే కాబట్టి లెక్కకు మంచిదే, కానీ నీళ్ళు పీల్చదు. కొబ్బరి పిండి అంటే పాలు పిండేసిన పిప్పిని ఎండబెట్టి పట్టింది. కొవ్వు పోయి పీచు మిగులుతుంది కనుక అది తన బరువుకు మూడు నాలుగింతల నీళ్ళు తాగుతుంది. కొబ్బరి పిండి 30 గ్రాములు రాసి ఉన్న చోట 30 గ్రాముల కుడుక పొడి వేస్తే పిండి జావ అవుతుంది. అట్లే బాదం పిండి 100 అని ఉన్న చోట కొబ్బరి పిండి 100 వేస్తే ఇసుక కుప్ప అవుతుంది, 25 నుంచి 30 గ్రాములు వేస్తే చాలు.

ఇంట్లో చేసుకోవచ్చు. పచ్చి కొబ్బరి ముక్కల నల్ల తోలు చెక్కేసి, వేడి నీళ్ళతో రుబ్బి, గుడ్డలో పాలు పిండాలి. రెండోసారి కూడా నీళ్ళు పోసి రుబ్బి పిండాలి. ఒక్కసారే పిండితే కొవ్వు మిగిలి పిండి తొందరగా ముక్క వాసన పడుతుంది. పిప్పిని పళ్ళెంలో పలచగా పరిచి మన ఎండల్లో రెండు రోజులు ఆరబెట్టాలి, పైన పలుచటి గుడ్డ కప్పాలి. చేత్తో నలిపితే పొడిగా రాలాలి. తర్వాత మిక్సీ, జల్లెడ.

ఇప్పుడు తపాలచెక్క, కొన్ని ఊళ్ళల్ల సర్వపిండి అంటారు. బియ్యప్పిండి తీసేసి నాలుగు చెక్కలకు:

వేయించి పొట్టు తీసిన పల్లీల పొడి 60 గ్రాములు, నువ్వుల పొడి 40, కొబ్బరి పిండి 30, ఇసబ్‌గోల్ పొడి 12. ఉల్లాకు గుప్పెడు, కల్యామాకు, పచ్చి మిరపకాయలు ఎల్లిగడ్డతో దంచింది, జీలకర్ర, ఉప్పు. పైన పలుకులకు గుమ్మడి గింజలు 15 గ్రాములు. వేడి నీళ్ళు 170 నుంచి 190.

నానబెట్టిన శనగపప్పు వేయడం అలవాటు. అక్కడ ఆపండి, 10 గ్రాముల పప్పుతోనే 5 గ్రాముల కార్బ్ వస్తుంది. కొరికినప్పుడు పలుకు తగలడానికే కదా, గుమ్మడి గింజలు ఆ పని చేస్తాయి.

పిండి 15 నిమిషాలు ఆగాక నాలుగు ముద్దలు చేయాలి. చల్లటి గిన్నెకు లోపల నూనె బాగా రాసి, ముద్దను అడుగున 4 మిల్లీమీటర్ల మందంలో అదిమి, వేలితో ఆరేడు రంధ్రాలు పెట్టి వాటిలో నూనె చుక్కలు వేయాలి. మూత పెట్టి సన్న మంట మీద 8 నిమిషాలు, మూత తీసి 3 నిమిషాలు. బియ్యప్పిండిది అడుగున ఎర్రబడి తనే వదులుతుంది. ఈ చెక్క అంత గట్టిగా కలిసి ఉండదు, పొయ్యి ఆపి రెండు నిమిషాలు చల్లారాకే పలుచటి అట్లకాడతో తీయాలి. వేడిగా లాగితే అడుగు గిన్నెకే మిగులుతుంది. రెండో చెక్కకు గిన్నె చల్లబడాలి, అందుకే రెండు గిన్నెలు మార్చి మార్చి పెట్టుకోండి.

ఒక్కో చెక్కకు కార్బ్ నాలుగు నుంచి అయిదు గ్రాములు.

గిర్ని_వీధి (నాగర్‌కర్నూల్)

పొడులు పట్టే సంగతి ఎవరూ చెప్పలేదు. బాదం, పల్లీ, నువ్వులు గిర్నికి తీసుకపోవద్దు. రాళ్ళ వేడికి నూనె ఊరి ముద్దయితది, రాళ్ళకు జిడ్డు పట్టి తర్వాతొచ్చేటోళ్ళ పిండి ఖరాబయితది. ఇంకో సంగతి, మీకంటే ముందు పట్టిన జొన్నపిండో బియ్యప్పిండో కొంత ఎట్లనైనా కలుస్తది. కీటో లెక్కకు అది చిన్నది కాదు.

మిక్సీలనే పట్టాలె. సద్దుల బతుకమ్మకు నువ్వుల సద్ది, పల్లి సద్ది పట్టేటోళ్ళకు ఈ ఒడుపు తెలిసిందే. జార్‌ల పావు వంతే పోయాలె, మూడు నాలుగు సెకన్లు తిప్పి ఆపాలె, జార్ దులిపి మళ్ళ తిప్పాలె. ఎడతెగకుండ తిప్పితే అడుగున ముద్ద, పైన పలుకు. గింజలు అరగంట ఫ్రీజర్ల పెట్టి తీసినంక పడితే నూనె ఆలస్యంగ ఊరుతది. జల్లించి, పైన మిగిలిన రవ్వను రెండోసారి పట్టాలె.

బాదం అయితే మరిగే నీళ్ళల్ల ఒక్క నిమిషం ఉంచి తోలు తీసి, ఫ్యాన్ కింద పూర్తిగ ఆరనియ్యాలె. తోలుతోనే పడితే రొట్టె నల్లగ, కొంచెం వగరుగ ఉంటది, కానీ తప్పేం లేదు. కొంచెం తడి ఉన్నా పొడి రాదు.

పొద్దుతిరుగుడు పప్పు బాదం కంటే అగ్గువ, అదే తూకంల వాడొచ్చు. కాని వంట సోడా తగిలితే లోపల పచ్చ రంగు పుడుతది. ఆ పప్పుల ఉన్న క్లోరోజెనిక్ ఆమ్లం సోడాతో కలిసి చేసే పని అది, విషం కాదు. సోడా మానున్రి, లేదంటె ఒక చెంచా నిమ్మరసం కలపున్రి.

ఇగ నా మాట ఒకటి. అయిదు రొట్టెల పిండిల 20 గ్రాములు జొన్నపిండి కలిపితే వాసన, రుచి రెండూ వస్తయి, తట్టుడు కూడ సులువు.

రొట్టె_లెక్క (నల్లగొండ)

గిర్ని అన్నా, రుచి మాట నిజమే, లెక్క కూడా చూద్దాం. 20 గ్రాముల జొన్నపిండికి 13.5 గ్రాముల కార్బ్. అయిదుకు పంచితే రొట్టెకు 2.7 పెరుగుతుంది. రెండు గ్రాముల రొట్టె అయిదు గ్రాముల రొట్టె అయ్యింది. రోజుకు 50 గ్రాముల దాకా తినేవాళ్ళు నిక్షేపంగా కలుపుకోవచ్చు. 20 గ్రాముల వాళ్ళు మూడు రొట్టెలు తింటే ముప్పావు వంతు అక్కడే పోతుంది, వాళ్ళు వద్దు.

దీనికంటే దొంగచాటుగా వచ్చేది పైపిండి. వత్తేటప్పుడు అంటుకుంటుందని జొన్నపిండో గోధుమపిండో చల్లుతారు. రొట్టెకు 5 గ్రాములు చల్లినా 3 గ్రాముల పైనే కార్బ్, అంటే రొట్టెలో ఉన్నదానికంటే ఎక్కువ. నూనె రాసిన కవరే వాడాలి.

ఇక దుకాణంలో కొనే "లో కార్బ్ ఆటా" ప్యాకెట్ల సంగతి. ముందర రాసిన పేరు వదిలేసి వెనక పట్టిక చూడండి. మన దేశంలో పీచు అంకె వేయడం తప్పనిసరి కాదు, అందుకని కొందరు కార్బోహైడ్రేట్‌లో పీచు కలిపి వేస్తారు, కొందరు విడిగా వేస్తారు. ఏదో తెలుసుకోవడానికి కూడిక చేయండి. ప్రొటీన్, కొవ్వు, కార్బోహైడ్రేట్ మూడూ కూడాలి. తేమ, ఖనిజాలకు ఒక 7 నుంచి 12 కలపాలి. మొత్తం 100కు దగ్గరగా వస్తే పీచు కార్బోహైడ్రేట్‌లోనే ఉంది, తీసేయొచ్చు. సరిగ్గా పీచు అంకె అంత తగ్గితే పీచు ముందే బయట ఉంది, మళ్ళీ తీయకూడదు. బాదం పిండి మీద ప్రొటీన్ 21, కొవ్వు 50, కార్బోహైడ్రేట్ 22, పీచు 12 అని ఉందనుకోండి. 21, 50, 22 కలిపితే 93, తేమ వగైరా 7, మొత్తం 100. కాబట్టి 22లోంచి 12 తీసి 10 అనుకోవాలి. అదే ప్యాకెట్ మీద కార్బోహైడ్రేట్ 10, పీచు 12 అని ఉంటే మొత్తం 88 వస్తుంది, అప్పుడు 10 అంటే 10నే.

పదార్థాల వరుస కూడా చదవండి. ఎక్కువ బరువున్నది ముందు రాయాలి. మొదటి పేరు గోధుమ పిండో, శనగ పిండో, చిరుధాన్యమో అయితే ఆ ప్యాకెట్ అక్కడే పెట్టేయండి. గోధుమ గ్లూటెన్, సోయ ముందుంటే కార్బ్ నిజంగానే తగ్గవచ్చు, కానీ గ్లూటెన్ పడనివాళ్ళకు అది ప్రమాదం.

క్లినిక్_డైట్ (మిర్యాలగూడ)

షుగర్ మందులు వాడేవాళ్ళు పిండి మార్చే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి, తర్వాత కాదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ మామూలు అన్నం, రొట్టెల లెక్కకు రాసినవి. కార్బ్ ఒక్కసారి 30 గ్రాములకు దించి అదే మోతాదు వేసుకుంటే షుగర్ పడిపోయి స్పృహ తప్పే పరిస్థితి రావచ్చు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్ళ విషయం ఇంకా గట్టిగా చెప్పాలి. వీటితో కీటో కలిస్తే కీటోఅసిడోసిస్ (రక్తంలో కీటోన్ ఆమ్లాలు ప్రమాదకరంగా పెరగడం) రావచ్చు, అదీ రక్తంలో షుగర్ పెద్దగా పెరగకుండానే. గ్లూకోమీటర్ చూసి బాగానే ఉందనుకుంటారు. వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి ఆడడం, విపరీతమైన నీరసం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి, ఈ మాత్ర పేరు, కీటో సంగతి రెండూ చెప్పండి.

ఇసబ్‌గోల్ రొట్టెలు తిన్న రోజు నీళ్ళు బాగా తాగాలి, లేకపోతే పీచే మలబద్ధకం తెస్తుంది. మింగడం కష్టమయ్యే పెద్దవాళ్ళకు ఈ రొట్టె పెట్టొద్దు. ఏ మాత్రకైనా, ఈ రొట్టెకూ కనీసం రెండు గంటల ఎడం ఉంచండి, థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు, పీచు మందును పట్టేసుకుంటుంది.

కిడ్నీ రాళ్ళు ఒకసారి వచ్చినవాళ్ళకు రోజూ బాదం, నువ్వులు మంచివి కావు, రెండింటిలోనూ ఆక్సలేట్ ఎక్కువ. మన ఎండలకు ఒంట్లో నీళ్ళు తగ్గడం దానికి తోడవుతుంది. వాళ్ళు కొబ్బరి పిండి, గుమ్మడి గింజలు, గుడ్డు వైపు వెళ్ళాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొంతంగా కీటో మొదలుపెట్టకూడదు.

కొత్త_కీటో (దేవరకొండ)

క్లినిక్ మేడమ్, మందుల సంగతి వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. జల్లెడ గారూ, 25 నిమిషాలు ఆగాక పగుళ్ళు పోయాయి. పెంక అక్కా, మిర్చి బజ్జీలు, చికెన్ వేపుడుకు ఇవే పొడులు పట్టుకుంటాయా? గ్రేవీ చిక్కబడడానికి ఏం వేయాలి?

పాలమూరు_పెంక (మహబూబ్‌నగర్)

బజ్జీకి వద్దు. శనగపిండిల ఉన్న స్టార్చ్ నూనెల పడంగనే గట్టిపడి మిర్చిని పట్టుకుంటది. బాదం పిండి జారు నూనెల ఇడిపోయి అడుగుకు చేరి మాడుతది. చికెన్‌కు మాత్రం అయితది. ముక్కలు తడి లేకుండ తుడిచి, గిలక్కొట్టిన గుడ్డుల ముంచి, బాదం పిండి రెండు వంతులు, నువ్వులు ఒక వంతు కలిపినదాంట్ల దొర్లించి, పావుగంట ఫ్రిజ్‌ల పెట్టి వేపాలె. నూనె 160 డిగ్రీల దగ్గర ఉండాలె, 180 అయితే పైన రంగొచ్చి లోపల ముక్క ఉడకదు.

గ్రేవీకి కొత్తగ ఏదీ కొనే పనిలేదు. గుత్తి వంకాయకు మనం వేసే పల్లీ, నువ్వులు, కుడుక నూరిన ముద్దనే సాలు. నలుగురి కూరకు మూడూ కలిపి 40 గ్రాములు. పులుపుకు చింతపండు తగ్గించి పుంటికూర వేసుకోవాలె, చింతపండుల చక్కెరలు మస్తుగుంటయి.

పిండి_జల్లెడ (సూర్యాపేట)

నిల్వ గురించి ఒక్కటి. 42 డిగ్రీల ఎండల్లో బాదం పిండి డబ్బా వంటింటి అల్మారాలో పెడితే నెల తిరగకముందే కమురు వాసన వస్తుంది. గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచండి. అవిసెలు గింజగా ఉంటే నెలల తరబడి ఆగుతాయి, పొడి చేశాక మాత్రం వారం దాటనీయొద్దు, ఒక్కోసారి 100 గ్రాములే పట్టుకోండి. గోడలకు వేసే రంగు లాంటి వాసన వస్తే ఆ పొడి పారేయాలి, వేయిస్తే పోతుందనుకోవద్దు. కలిపిన పిండి ముద్ద ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది, కానీ గట్టిపడుతుంది. వత్తే ముందు చెంచాడు వేడి నీళ్ళు చల్లి పిసకండి. కాల్చిన రొట్టెలైతే మధ్యలో కాగితం పెట్టి ఫ్రీజర్‌లో మూడు వారాలు ఉంచి, నేరుగా పెంక మీద వేడి చేసుకోవచ్చు.